ఆరడుగుల వాదనను కొలవడం ఎలా

"వ్యాసం బాగుంది మేడమ్" అని రాసుకొచ్చిన ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఒకటే: ఎవరికి బాగుంది?

ఆదివారం పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నాలుగడుగుల దూరంలో, ఒక స్నేహితురాలి ఇంటి మేడమీద గదిలో పదీ పదిహేను మందిమి కూర్చుంటాం. వచ్చేవాళ్లంతా అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లలు. ఎస్సే పేపర్ కోసం వస్తారు. నేను పద్దెనిమిదేళ్లు ఒక తెలుగు దినపత్రికలో ఎడిట్ పేజీ డెస్క్ మీద పనిచేశాను. వచ్చిన వ్యాసాల్లోంచి ఏరడం, కత్తిరించడం, హెడ్డింగ్ పెట్టడం నా పని. ఒక వ్యాసం పాఠకుణ్ని ఒప్పిస్తుందా లేదా అన్నది రోజూ సాయంత్రం ఆరు లోపల తేల్చాల్సి వచ్చేది. ఆ పద్ధతినే ఇప్పుడు పిల్లలకు చెబుతున్నాను.

చెప్పడానికి కోవిడ్ కాలంలో దూరం పాటించడం గురించి వచ్చిన వాదనలను ఎంచుకున్నాను. 2020లో ఆ విషయం తాకని ఇల్లు లేదు. గదిలో ప్రతి ఒక్కరికీ ఒక సొంత అభిప్రాయం ఉంది, చాలామందికి ఒక గాయం కూడా ఉంది. సొంత అభిప్రాయం గట్టిగా ఉన్న విషయం మీదే, ఎదుటివాడి వాదనను న్యాయంగా తూచడం నేర్చుకోవాలి. తెలియని విషయం మీద నిష్పాక్షికంగా ఉండటం ఎవరికైనా చేతనవుతుంది.

ఎవరి వ్యాసాన్నో తీసుకుని చీల్చి చూపించడం నాకు ఇష్టం లేదు. అప్పట్లో వచ్చిన రకరకాల వ్యాసాల ధోరణిని కలిపి ఒక నమూనా నేనే రాశాను. 2020 ఏప్రిల్ రెండో వారంలో అచ్చయిందని అనుకోండి. దాని గుండెకాయ ఈ పేరా:

"కరోనాకు మందు లేదు, ఉన్న మందల్లా దూరమే. సామాజిక దూరం పాటించిన చోట జనం బతికారు, పాటించని చోట శవాలు గుట్టలయ్యాయి. 1918లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ఊరేగింపు జరిపి వేలమందిని పోగొట్టుకుంది. సెయింట్ లూయిస్ తలుపులు మూసుకుని బతికిపోయింది. మన పెద్దలు మడి పేరుతో ఈ రహస్యం ఎప్పుడో కనిపెట్టారు. ఇంట్లో కూర్చోవడం కూడా కష్టమేనా? బాధ్యత లేనివాళ్ల వల్ల బాధ్యత ఉన్నవాళ్లు చనిపోతున్నారు. ఆరడుగుల దూరం పాటిద్దాం, దేశాన్ని కాపాడుకుందాం."

చదివారు కదా. కాగితం మీద ముందు రెండు గళ్లు గీయండి. ఒకదానికి పైన "ఒప్పించిందా?" అని, రెండోదానికి పైన "నిజమేనా?" అని రాయండి. ఈ రెండూ వేరు. తప్పు మాట కూడా అద్భుతంగా ఒప్పించగలదు. నిజమైన మాట చేతకాని వాదనలో పడి ఓడిపోవచ్చు. నమూనా వ్యాసం అడిగిన పని, అంటే మనుషులు ఎడంగా ఉండటం, ఆ నెలలో సరైన పనే అని నేను ఇప్పటికీ నమ్ముతాను. అయినా ఈ వ్యాసానికి ఎన్ని మార్కులు వేశానో చివర్లో చూస్తారు.

ఏం చేయమంటున్నాడు?

మొదటిసారి పెన్సిల్ పట్టుకోకుండా చదవండి. రెండోసారి చదివాక, రచయిత నన్ను ఏం చేయమంటున్నాడో ఒక్క వాక్యంలో రాయండి. ఎవరు, ఏ పని, ఎంతకాలం అన్నవి అందులో ఉండాలి. మన తర్కశాస్త్రంలో దీన్ని ప్రతిజ్ఞ అన్నారు. "కొండమీద నిప్పుంది" అన్నది ప్రతిజ్ఞ. "మనమంతా బాధ్యతగా ఉండాలి" అన్నది ప్రతిజ్ఞ కాదు, దాన్ని కాదనగలిగేవాడు లేడు. ఎవరూ కాదనలేని మాటకు వాదనే అక్కర్లేదు.

నమూనాలో ఆరడుగులు అన్న కొలత ఉంది, సంతోషం. ఎంతకాలమో లేదు. ఎక్కడ పాటించాలన్నదీ లేదు. రేషన్ షాపు క్యూలోనా, ఇంట్లో జ్వరం వచ్చిన మనిషి దగ్గరా, శవయాత్రలోనా? పిల్లల్లో ఎక్కువమంది ఈ మెట్టు దగ్గరే జారిపోతారు. వ్యాసం విషయం ఏమిటో రాస్తారు తప్ప వాదన ఏమిటో రాయరు. "ఈ వ్యాసం సామాజిక దూరం గురించి" అని రాస్తే నేను కాగితం వెనక్కి ఇచ్చేస్తాను.

ఒక్క మాటలో ఎన్ని పనులు దాగున్నాయి?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. "సామాజిక దూరం" అన్న మాట కింద గీత గీయండి. వ్యాసంలో అది వచ్చిన ప్రతిచోటా, దాని బదులు ఏ పనో విడమరచి రాసి చూడండి. ఒక వాక్యంలో అది కిరాణా కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడటం. ఇంకో వాక్యంలో బడులు మూయడం. మరో వాక్యంలో 2020 మార్చి 25న మొదలైన దేశవ్యాప్త లాక్‌డౌన్. ఈ మూడింటికీ వేరువేరు రుజువులు కావాలి, వాటి ఖర్చులూ వేరు. గుండ్రంలో నిలబడితే ఎవరికీ ఏమీ పోదు. బడి మూస్తే ఒక పిల్లకు మధ్యాహ్న భోజనం పోతుంది. చిన్న పనికి రుజువు చూపించి పెద్ద పనికి ఒప్పుకోలు తీసుకునే వ్యాసాలు ఆ ఏడాది ఎన్నో చూశాను. రచయితలు మోసం చేయాలనుకోలేదు. మాట ఒకటే కావడంతో వాళ్లకే తేడా కనబడలేదు.

మాటతో ఇంకో చిక్కు మన దేశానిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే "భౌతిక దూరం" అనడం మొదలుపెట్టింది. మనుషులు శరీరాలను ఎడంగా ఉంచుకోవాలి గానీ ఒకరికొకరు దూరం కాకూడదన్నది వాళ్ల ఉద్దేశం. మన దగ్గర ఆ మార్పుకు వేరే బరువుంది. ఊరికి ఎడంగా వాడ, వేరే గ్లాసు, వేరే బావి తరతరాలుగా చూసిన నేలమీద "సామాజిక దూరం" పాటించండి అని ప్రభుత్వమే చెబితే ఆ మాట ఎవరి చెవికి ఎలా తగులుతుంది? తెలుగులో కూడా చాలామంది అప్పుడే అభ్యంతరం చెప్పారు, భౌతిక దూరం అనాలని పట్టుబట్టారు. మా డెస్క్‌లో దీని మీద ఒక సాయంత్రమంతా చర్చ నడిచింది. హెడ్డింగ్‌లో రెండు అక్షరాలు పెరుగుతాయా తగ్గుతాయా అని మొదలై, చివరికి మాటను మార్చడం దగ్గర ఆగింది. ఆ నిర్ణయం సరైనదని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే నమూనాలో మడి వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. అది పోలిక. పోలికను పరీక్షించే పద్ధతి సులువు: రెండు విషయాలూ ఏ అంశంలో ఒకటి, ఏ అంశంలో వేరు అని రాసుకోవడం. జబ్బు కోసం పాటించే దూరం రెండువైపులా సమానం. నా నుంచి నీకు ప్రమాదం ఎంతో నీ నుంచి నాకూ అంతే, అందుకే ఇద్దరం జరుగుతాం. మడిలో, అంటులో జరగాల్సింది ఎప్పుడూ ఒకరే. పైగా అది జబ్బును బట్టి మారదు, అంటరానితనమైతే పుట్టుకను బట్టి ఉంటుంది. కాబట్టి పోలిక నిలబడదు. నిలబడకపోవడమే కాదు, ఆ వాక్యం చదివిన క్షణంలో పాఠకుల్లో ఒక పెద్ద భాగం వ్యాసాన్ని పక్కన పడేస్తుంది. వాళ్లు ఎడంగా ఉండాల్సిన అవసరం ఆ రచయితకు ఎంత ఉందో, వాళ్లను పోగొట్టుకోవడం వల్ల అంత నష్టం. "ఎవరికి బాగుంది?" అని నేను అడిగేది ఇందుకే.

హేతువుకూ మాటకూ మధ్య గొలుసు

పొగ ఉంది కాబట్టి నిప్పుంది అంటాం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న నియమం ఒకటి మధ్యలో ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. పాత తార్కికులు దాన్ని వ్యాప్తి అన్నారు. వ్యాసాల్లో ఈ నడుమ గొలుసును చాలావరకు రాయరు, మన చేత ఊహింపజేస్తారు. మీరు దాన్ని బయటికి లాగి కాగితం మీద పెట్టాలి.

"ఆరడుగుల దూరం పాటిస్తే జబ్బు రాదు" అన్న దాని నడుమ ఉన్న గొలుసు ఇది: వైరస్ తుంపర్లలో ఉంటుంది, తుంపర్లు బరువుకు కొద్ది దూరంలోనే నేల మీద పడతాయి. ఈ లెక్క వెనక 1934లో విలియం వెల్స్ అనే శాస్త్రవేత్త చేసిన పని ఉంది. పెద్ద తుంపర్లు ఆరిపోయేలోగా కింద పడతాయనీ, చిన్నవి పడేలోగా ఆరిపోయి గాలిలో తేలుతూ ఉంటాయనీ ఆయన చూపించాడు. వెల్స్ చెప్పిన రెండో సగం దాదాపు మరుగున పడిపోయి, మొదటి సగం మీద నియమాలు కట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఒక మీటరు అంది, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆరడుగులంది, మన ప్రభుత్వం రెండు గజాలంది. 2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు గాలి ద్వారా వ్యాపించడాన్ని పట్టించుకోండని బహిరంగంగా కోరారు. 2021 మార్చిలో అదే సీడీసీ మాస్కులున్న బడుల్లో మూడడుగులు చాలంది. మూసిన గదిలో గంటలు గడిపితే ఆరడుగులు కూడా కాపాడలేకపోవచ్చు, ఆరుబయట అంతకన్నా తక్కువ దూరం కూడా పెద్ద ప్రమాదం కాకపోవచ్చు అన్నది క్రమంగా తేటపడింది.

అయితే 2020 ఏప్రిల్ వ్యాసాన్ని 2021 తెలివితో కొట్టిపారేయవచ్చా? కూడదు. వ్యాసం పైన తేదీ చూడమని నేను పదేపదే చెప్పేది ఇందుకే. రచయిత ఆనాటికి అందుబాటులో ఉన్నదాన్ని నిజాయితీగా వాడుకున్నాడా అన్నది ఒక ప్రశ్న, ఆ వాదన ఈనాటికి నిలుస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి మార్కులు వేయండి, రెండోదాన్ని ఒక వాక్యంలో ప్రస్తావించండి. అలాగని ఆనాటి రచయితకు పూర్తి మినహాయింపు లేదు. తెలిసింది కొంచెమే అయినప్పుడు "ఇప్పటికి తెలిసినంతలో" అని ఒక మాట రాయవచ్చు. ఆ రెండు మాటలు రాసిన రచయితలను నేను ఎక్కువ నమ్మేదాన్ని. నెల తర్వాత సలహా మారినప్పుడు వాళ్ల పాఠకులు మోసపోయామని అనుకోలేదు. "ఆరడుగులుంటే ఏమీ కాదు" అని తేల్చి రాసినవాళ్ల పాఠకుల్లో చాలామంది, సలహా మారగానే అన్ని సలహాలనూ వదిలేశారు. ఒప్పించడం అంటే ఆ రోజు తల ఊపించడం ఒక్కటే కాదు కదా.

ఒక మెతుకు పట్టుకుంటే చాలా?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటాం. నిజమే, ఎందుకంటే గిన్నె ఒకటే, నీళ్లు ఒకటే, మంట ఒకటే. రెండు వేరువేరు పొయ్యిల మీద, రెండు వేరువేరు రకాల బియ్యం ఉడుకుతుంటే ఒక గిన్నెలో మెతుకు రెండో గిన్నె సంగతి చెప్పదు. వ్యాసంలో ఉదాహరణ కనబడగానే అడగాల్సింది ఇదే: గిన్నె ఒకటేనా?

ఫిలడెల్ఫియా, సెయింట్ లూయిస్ కథ దూరం గురించిన వ్యాసాల్లో ఎక్కువగా వచ్చే ఉదాహరణ. మంచి ఉదాహరణే. ఫిలడెల్ఫియాలో 1918 సెప్టెంబర్ 17న పౌరుల్లో మొదటి కేసులు బయటపడ్డాయి, సెప్టెంబర్ 28న యుద్ధ రుణాల కోసం భారీ ఊరేగింపు జరిగింది, అక్టోబర్ 3న గానీ నగరం మూతపడలేదు. సెయింట్ లూయిస్‌లో అక్టోబర్ 5న మొదటి కేసులు, 7న మూసివేతలు. 2007లో వచ్చిన ఒక పరిశోధన 17 నగరాలను ఇలా పోల్చింది. అందులో వారానికి లక్షమందికి మరణాల శిఖరం ఫిలడెల్ఫియాలో 257, సెయింట్ లూయిస్‌లో 31. ఎనిమిది రెట్ల తేడా. మన రచయిత ఇక్కడ ఆగి "బతికిపోయింది" అనేశాడు.

అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది. ఆ శరదృతువు మొత్తం కలిపి చూస్తే సెయింట్ లూయిస్ మరణాల రేటు ఫిలడెల్ఫియాలో దాదాపు సగం. ఎనిమిదో వంతు కాదు, సగం. సెయింట్ లూయిస్ ఆంక్షలు సడలించాక అక్కడ మళ్లీ మరణాలు పెరిగాయి. అంటే దూరం ఉప్పెనను చదును చేసింది, ఆసుపత్రులకు ఊపిరి తీసుకునే సమయం ఇచ్చింది, కొన్ని ప్రాణాలను పూర్తిగానే కాపాడింది. ఇది "బతికిపోయింది" కన్నా చిన్న మాట. కానీ దీన్ని ఎవరూ కూలదోయలేరు. రచయిత రెండో అంకె కూడా ఇచ్చి ఉంటే వాదన ఇంకా బలపడేది, "ఎంతకాలం?" అన్న ప్రశ్నకు జవాబు కూడా దానంతట అదే దొరికేది. ఎంపిక చేసి అంకె ఇచ్చినట్టు అనుమానం వస్తే, వదిలేసిన అంకె ఏమిటో వెతకండి. అది దొరికితే మీ మూల్యాంకనంలో అదే ముఖ్యమైన వాక్యం అవుతుంది.

శాతాల దగ్గర ఒక జాగ్రత్త. 2020 జూన్‌లో లాన్సెట్ వైద్య పత్రికలో, 16 దేశాల నుంచి 172 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. మీటరు కన్నా దగ్గరున్నప్పుడు సోకే అవకాశం సుమారు 12.8 శాతం, మీటరు లేదా అంతకన్నా దూరంలో 2.6 శాతం అని అంచనా వేసింది. దీన్ని "ముప్పు 80 శాతం తగ్గింది" అనవచ్చు, "వందలో పదిమందికి తప్పింది" అని కూడా అనవచ్చు. రెండూ నిజమే, వినబడే తీరు వేరు. మొదటిది మాత్రమే రాసిన రచయిత మిమ్మల్ని ఒక దిక్కుకు నెడుతున్నాడు. ఆ 172లో ఒక్కటి కూడా లాటరీ తీసి రెండు గుంపులుగా విడగొట్టి చేసిన ప్రయోగం కాదు, అన్నీ జరిగినదాన్ని గమనించి రాసినవే. ఆ సంగతి సమీక్షే చెప్పుకుంది, దాన్ని ఉటంకించే వ్యాసం కూడా చెప్పాలి.

కేసుల అంకెలైతే ఇంకా జాగ్రత్త. మన హైదరాబాద్‌లోనే, 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగునీటిలో వైరస్ ఆనవాళ్లను కొలిచి, నగరంలో ఆరు లక్షలకు పైగా జనానికి సోకి ఉంటుందని అంచనా వేశారు. అప్పటి అధికారిక లెక్కకు అది చాలా రెట్లు. పరీక్షలు ఎన్ని చేస్తే కేసులు అన్ని కనబడతాయి. కాబట్టి "దూరం పాటించారు, కేసులు తగ్గాయి" అన్న వాక్యం పక్కన ఒక ప్రశ్న రాయండి: ఆ వారం పరీక్షలు కూడా తగ్గాయా?

భయం, కోపం, కన్నీళ్లు

ఉద్వేగం తప్పు కాదు. చావు గురించి రాస్తూ గొంతు వణకకపోతే ఆ రచయితను నేను నమ్మను. చూడాల్సింది ఒకటే, ఆ ఉద్వేగం రుజువుకు తోడుగా వచ్చిందా, రుజువు లేని చోటును కప్పడానికి వచ్చిందా. "బాధ్యత లేనివాళ్ల వల్ల" అన్న వాక్యం తీసి చూడండి. వాళ్లెవరో పేరు లేదు. పేరు లేని నిందలో పాఠకుడు తనకు ముందే నచ్చనివాళ్లను నింపుకుంటాడు. ఆ వసంతంలో ఒక మతం వాళ్ల మీదికీ, వలస కూలీల మీదికీ వేలు చూపిన రాతలు ఎన్నో వచ్చాయి, వాటి ఫలితం వీధుల్లో కూరగాయలు అమ్ముకునేవాళ్లు అనుభవించారు. ఇలాంటి వాక్యం ఉంటే నేను మార్కులు తీసేస్తాను, మినహాయింపు లేదు.

రచయిత ఎవరన్నది కూడా చూడండి, కానీ త్వరగా. గుండె డాక్టరు గొప్ప డాక్టరే అయినా అంటువ్యాధుల లెక్కలో మనలాంటి పాఠకుడే. ఆయన ఎవరి పరిశోధన మీద నిలబడ్డాడో చెబితే సరిపోతుంది.

పూర్వపక్షం, ఖర్చు

అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇక్కడే ఉంటుంది. మన సంప్రదాయంలో సిద్ధాంతం చెప్పేముందు ఎదుటివాడి వాదనను, అతను ఒప్పుకునేంత బాగా, తానే చెప్పాలి. అదే పూర్వపక్షం. నమూనాలో పూర్వపక్షం ఎంతంటే, "ఇంట్లో కూర్చోవడం కూడా కష్టమేనా?" అన్న ఒక ప్రశ్న. ఎదుటివాడు బద్ధకస్తుడని ముందే తేల్చి అడిగిన ప్రశ్న.

2020 ఏప్రిల్ చివర్లో దాదాపు ఇలాంటి వ్యాసమే ఒకటి నేను పేజీలో పెట్టాను. భాష బాగుంది, రాసినాయనకు మంచి పేరుంది, ఆరు లోపల పేజీ పంపాలి. మర్నాడు పదకొండింటికి డెస్క్‌కు ఫోన్ వచ్చింది. బోరబండ నుంచి, సెంట్రింగ్ పని చేసే మనిషి. కోపంగా లేడు. "మేం ఆరుగురం మేడం, ఒక్కటే అర్ర. నల్లా పొద్దుగాల గంట సేపు వస్తది, గల్లీ అంతా ఒక్క దగ్గర్నే నిలవడ్తం. గీ ఆరడుగులు యాడ కొల్వాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్లీ అన్నాడు: "వద్దంటలేను. చెప్పుండ్రి, చేస్తం. మాతోని అయ్యేది చెప్పుండ్రి."

ఫోన్ పెట్టేశాక ఆ వ్యాసం మళ్లీ చదివాను. అది ఎవరికోసం రాశారో అప్పుడు తెలిసింది. విడిగా గది, ఫ్రిజ్‌లో పాలు, నెలాఖరుకు జీతం ఉన్నవాళ్ల కోసం. వాళ్లు ఆ పాటికే ఇంట్లో ఉన్నారు, వాళ్లను ఒప్పించాల్సిన పని లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మూడో వంతుకు పైగా కుటుంబాలు ఒకే గదిలో ఉంటున్నాయి. ఒప్పించాల్సినవాళ్లు అక్కడున్నారు, నేను పెట్టిన వ్యాసం వాళ్ల గుమ్మం దాకా వెళ్లలేదు. ఆ మనిషి పేరు అడిగి రాసుకోలేదన్న బాధ నాకు ఈరోజుకీ ఉంది.

అందుకే మూల్యాంకనంలో ఈ రెండు ప్రశ్నలు తప్పక రాయిస్తాను: రచయిత అడుగుతున్న పనికి ఖర్చెంత? ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతుంది? ఖర్చే లేదన్నట్టు రాసిన వ్యాసం ఖర్చు పెట్టేవాణ్ని ఒప్పించలేదు. ఖర్చుంది, అయినా ఇందుకు పెట్టాలి, దాన్ని ఇలా పంచుకుందాం అన్న వ్యాసం ఒప్పించగలదు. 2020 మే 1న తెల్లవారకముందే లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కార్మికుల మొదటి ప్రత్యేక రైలు బయల్దేరింది. 72 మంది పట్టే బోగీలో 54 మందిని కూర్చోబెట్టారు. దూరం ఖర్చంటే ఏమిటో ఈ రెండు అంకెల్లో ఉంది: ప్రతి బోగీకి 18 సీట్లు ఖాళీ, ఆ 18 మందికి ఇంకో రైలు కావాలి, ఆ రైలు డబ్బు ఎవరో ఒకరు కట్టాలి. లాక్‌డౌన్ మొదలైన ఐదు వారాలకు గానీ ఆ రైలు కదలలేదన్నది కూడా ఖర్చులోనే రాసుకోవాలి. దూరం కావాలని వాదించే రచయిత ఈ లెక్కను తానే ముందుకు తెచ్చి జవాబు చెబితే, నేను కళ్లు మూసుకుని మార్కులు వేస్తాను.

ఎదుటి పక్షం వ్యాసాలకూ ఇదే కొలత. 2020 అక్టోబర్‌లో కొందరు శాస్త్రవేత్తల గ్రేట్ బారింగ్టన్ ప్రకటన వచ్చింది. ముప్పు ఎక్కువున్న వృద్ధులను కాపాడి, మిగతావాళ్లను మామూలుగా బతకనివ్వాలన్నది. పది రోజులకు దానికి జవాబుగా, ఆంక్షలు ఇంకా అవసరమేనంటూ వేరే శాస్త్రవేత్తల జాన్ స్నో మెమొరాండం వచ్చింది. రెండూ దగ్గర పెట్టుకుని చదివితే మంచి సాధన. మొదటిదాన్ని చదువుతూ, తాత, మనవడు, మధ్యలో పనికి వెళ్లే కొడుకు ఒకే గదిలో పడుకునే మన ఇళ్లలో తాతను విడిగా కాపాడటం ఎలా కుదురుతుందని అడగండి. రెండోదాన్ని చదువుతూ, ఆంక్షల కాలంలో రోజు కూలీ ఇల్లు గడవడానికి ఏం చెప్పారో వెతకండి.

మార్కులు, మూల్యాంకనం రాసే తీరు

నేను ఇరవైకి వేస్తాను. ప్రతిజ్ఞకు 3, మాటల తేటదనానికి 3, హేతువుకు 4, రుజువులకు 4, పూర్వపక్షానికీ ఖర్చుకూ కలిపి 6. పేరు లేని నింద ఉంటే 2 తీసేస్తాను. మీ కొలత వేరేగా పెట్టుకోవచ్చు, కానీ చదవకముందే పెట్టుకోండి. చదివాక పెట్టుకుంటే నచ్చిన వ్యాసానికి తగినట్టు కొలతే సాగుతుంది.

రాసేటప్పుడు వ్యాసం సారాంశం రెండు వాక్యాలు దాటకూడదు. మిగిలినదంతా తీర్పు, తీర్పుకు ఆధారం. ఆధారమంటే వ్యాసంలోని మాటలనే ఎత్తి చూపించడం. "రచయిత ఉద్వేగభరితంగా రాశారు" అంటే చాలదు. ఏ వాక్యంలో, దానివల్ల ఏ పాఠకుడికి ఏమవుతుంది అన్నది రాయాలి. నమూనా మీద నేను రాసి చూపించేది ఇది:

"వ్యాసం ఆరడుగుల దూరం కోరుతుంది కానీ ఎక్కడ, ఎంతకాలం అన్నది చెప్పదు. 1918 ఉదాహరణ విషయానికి తగినదే, అయితే శిఖరాల తేడాను మొత్తం ఫలితంగా చూపించి అతిశయించింది. మడితో పోలిక తర్కానికి నిలవకపోగా, అంటరానితనం అనుభవించిన పాఠకులను దూరం చేస్తుంది. ఇల్లు ఇరుకైనవారికి, రోజు కూలీలకు దూరం ఎలా సాధ్యమో ఒక్క మాట లేదు. ఇప్పటికే ఒప్పుకున్నవారికి ధైర్యం ఇస్తుంది, ఒప్పుకోవాల్సినవారిని చేరదు. కోరిన పని సరైనదే, వాదన బలహీనం." 

ఇరవైకి ఆరు వేశాను.

పోయిన నెల ఈ నమూనానే ఇచ్చి, తిరగరాసుకు రమ్మన్నాను. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, వాళ్లమ్మ నాలుగిళ్లలో పనిచేస్తుంది, మడి వాక్యం కొట్టేసి ఆ చోట ఇలా రాసుకొచ్చింది: "నల్లా దగ్గర అందరం ఒకేసారి నిలబడొద్దు, ఇంటికొకరు చొప్పున వెళ్దాం. జ్వరం ఉన్న ఇంటికి నీళ్లు పక్కింటివాళ్లం పట్టి గుమ్మం ముందు పెడదాం. పనిమనిషిని రావద్దన్న ఇల్లు ఆ నెల జీతం ఆపొద్దు." మూడు వాక్యాలూ చదివి గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. పూర్వపక్షానికీ ఖర్చుకూ ఉన్న ఆరు మార్కుల్లో ఆరూ వేశాను. వచ్చే ఆదివారం ఆ అమ్మాయి కాగితాన్నే జిరాక్స్ తీయించి అందరికీ ఇస్తున్నాను. దాని మీద మూల్యాంకనం రాసుకురావాలి, ఆ అమ్మాయి కూడా.